మోడెం, రౌటర్ అద్దెకు తీసుకోవాలా, సొంతంగా కొనుక్కోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొత్తగా 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ తీసుకుంటున్నారు. పరికరాలు నెలనెలా అద్దెకు ఇస్తామని, వద్దనుకుంటే మీరే కొనుక్కోవచ్చని కంపెనీవాళ్లు చెప్పారు. ఇంట్లో మూడు గదులున్నాయి, నాన్నగారికి ల్యాండ్‌లైన్ తప్పనిసరి, రెండేళ్లలో ఇల్లు మారే అవకాశం ఉంది. ఏది మేలు?

సూటిగా చెప్తాను. ఫైబర్ తీగ వచ్చి ఆగే డబ్బాను, అంటే ఓఎన్‌టీని, కంపెనీ నుంచే తీసుకోండి. ఇంట్లో వైఫై ఇచ్చే రౌటర్‌ను మీరు కొనుక్కోండి. అదైనా కనెక్షన్ వచ్చిన రోజే వద్దు, ఒక నెల వాడి చూశాక కొనండి. చాలామంది రెండిటినీ ఒకే వస్తువు అనుకుని లెక్క వేస్తారు. నేను ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, ఇప్పుడు సొంతంగా ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్క్‌లు పెడుతున్నాను. అనవసరంగా డబ్బు పోగొట్టుకున్న ఇళ్లలో ఎక్కువ భాగం ఈ తేడా తెలియకపోవడం వల్లే పోగొట్టుకున్నాయి.

ముందు ఓఎన్‌టీ సంగతి. ఫైబర్‌లో వచ్చే వెలుతురు సంకేతాన్ని మామూలు నెట్‌వర్క్ సంకేతంగా మార్చేది ఇదే. ఇంటి ఫైబర్‌లో ఎక్కువగా కనిపించే జీపాన్ పద్ధతిలో ఒకే లైను కిందకి సుమారు 2.5 జీబీపీఎస్, పైకి 1.25 జీబీపీఎస్ మోస్తుంది. దాన్ని స్ప్లిటర్ (ఒక తీగలోని వెలుతురును పలు తీగలకు పంచే పరికరం) ద్వారా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అందరూ ఒకే తీగ మీద ఉన్నప్పుడు ఎవరి డబ్బా ఎప్పుడు మాట్లాడాలో కంపెనీ వైపున్న యంత్రం నిర్ణయిస్తుంది. కాబట్టి మీ డబ్బా సీరియల్ నంబరు వాళ్ల దగ్గర నమోదై ఉండాలి, సెట్టింగులు వాళ్ల యంత్రంతో కుదరాలి. దుకాణంలో కొన్న ఓఎన్‌టీని తెచ్చి తీగ గుచ్చగానే నెట్ రాదు.

పైగా జీపాన్ వేరు, ఈపాన్ అనే ఇంకో ఫైబర్ పద్ధతి వేరు. ఒకదాని కోసం చేసిన డబ్బా రెండోదాని మీద పనిచేయదు. రెండిటికీ పనికొచ్చేవి ఉన్నాయి గానీ, నమోదు సమస్య వాటికీ తప్పదు. ఇంకో చిన్న విషయం. తీగ చివర కనెక్టర్ ఆకుపచ్చ రంగులో ఉంటే దాని కొన కాస్త ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం రంగులో ఉంటే నేరుగా ఉంటుంది. ఆకుపచ్చదాన్ని నీలం సాకెట్‌లోకి నెడితే దూరుతుంది, కానీ రెండు గాజు కొనలూ సరిగ్గా కలవవు, సిగ్నల్ పడిపోతుంది. లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, నెట్ గంటకోసారి పోతూ ఉంటుంది. సొంత ఓఎన్‌టీ పెట్టుకున్న ఒక ఇంట్లో కారణం ఇదేనని తేలేలోపు కంపెనీకీ ఆ ఇంటివాళ్లకీ మధ్య పెద్ద గొడవే అయింది.

అసలు కారణం కూడా ఆ గొడవలోనే ఉంది. ఓఎన్‌టీ కంపెనీదైతే, ఎర్ర లైటు వెలిగిన రోజు బాధ్యత మొత్తం వాళ్లది. తీగ తెగినా, డబ్బా కాలినా, వచ్చి బాగుచేయాల్సింది వాళ్లే. ఓఎన్‌టీ మీదైతే, ఫోన్ ఎత్తిన ప్రతి మనిషీ ముందు అనే మాట "లోపం మీ డబ్బాదే అయ్యుంటుంది" అని. కాదని నిరూపించడానికి మీ దగ్గర ఫైబర్‌లో వెలుతురు ఎంత వస్తోందో కొలిచే పవర్ మీటరు ఉండదు. నెలనెలా కట్టే ఆ కాస్త అద్దె ఈ టెన్షన్ లేకుండా ఉండటానికి కడుతున్నట్టే, నా దృష్టిలో అది సబబైన ఖర్చు. చాలా కంపెనీలు ఓఎన్‌టీకి విడిగా అద్దె కూడా వేయవు, అడిగి చూడండి.

(కేబుల్ టీవీ తీగ ద్వారా నెట్ వచ్చే చోట లెక్క కొంచెం మారుతుంది. అక్కడ డాక్సిస్ అనే ప్రమాణం ఉంది కాబట్టి సొంత మోడెం కొనడం సాధ్యమే. కాకపోతే కంపెనీ ఆమోదించిన మోడళ్ల జాబితా చూసుకుని, 3.1 రకమే కొనాలి. చవకగా దొరికే 3.0 రకం 2006 నాటి ప్రమాణం.)

మీకు నాన్నగారి ఫోన్ కూడా ఉందన్నారు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ నిర్ణయాన్ని మార్చేసే విషయం. ఫైబర్‌లో ల్యాండ్‌లైన్ అంటే ఓఎన్‌టీ వెనక ఉండే సన్న ఫోన్ పోర్టే. ఆ నంబరు, దాని పాస్‌వర్డ్ కంపెనీవాళ్లు దూరం నుంచే ఆ డబ్బాలో పెడతారు, మీకు ఇవ్వరు. డబ్బా మారిస్తే నెట్ ఎలాగోలా వస్తుంది, ఫోన్ మాత్రం మూగబోతుంది. కేవలం ఈ ఒక్క కారణంతోనైనా సరే, మీ ఇంట్లో ఓఎన్‌టీ కంపెనీదే ఉండాలి.

ఇక రౌటర్. ఇక్కడ అద్దె కట్టడం చాలా సందర్భాల్లో నష్టమే. లెక్క సులువు. మీరు కొనాలనుకున్న రౌటర్ ధరను నెల అద్దెతో భాగించండి. ఎంత వస్తే అన్ని నెలల్లో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ధర నెల అద్దెకు 18 రెట్లు ఉంటే, 19వ నెల నుంచి మీకు మిగులు. మంచి రౌటర్ నాలుగైదేళ్లు హాయిగా పనిచేస్తుంది. మీరు రెండేళ్లలో ఇల్లు మారినా, రౌటర్ మీతో వస్తుంది. కొత్త ఇంట్లో ఫైబర్ అయినా కేబుల్ అయినా, ఏ కంపెనీదైనా, దాని డబ్బా వెనక పెట్టుకుంటే చాలు. ఓఎన్‌టీకి ఆ సౌకర్యం లేదు. మారేవాళ్లు ఓఎన్‌టీ కొనకూడదు, రౌటర్ కొనాలి అనడానికి ఇదే కారణం.

లెక్క వేసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. అద్దె మీద పన్ను కూడా కలపండి, బిల్లులో అది వేరే వరుసలో ఉంటుంది. రెండోది, "రౌటర్ ఉచితం" అన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "నాకు రౌటర్ వద్దు, ప్లాన్ ధర ఎంత తగ్గుతుంది?" ఏమీ తగ్గదంటే అది నిజంగానే ప్లాన్‌లో భాగం. అప్పుడు తీసుకోండి, వాడండి, అసంతృప్తి ఉంటేనే కొనే ఆలోచన చేయండి. తగ్గుతుందంటే అది అద్దె, పేరు మార్చారంతే. సొంత పరికరం పెట్టుకున్నా అద్దె వసూలు చేసే అలవాటు కొన్ని దేశాల్లో ఎంత ముదిరిందంటే చట్టాలే చేయాల్సి వచ్చింది. కంపెనీ ఇవ్వని పరికరానికి అద్దె వేయకూడదన్న నిబంధన అమెరికాలో 2020 డిసెంబర్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి వినియోగదారుడు తనకు నచ్చిన రౌటర్, మోడెం పెట్టుకునే హక్కు చట్టబద్ధమైంది. మీరున్న చోట నియమం ఎలా ఉన్నా, అడగడం మాత్రం మానకండి.

ఒక నెల ఆగి కొనమని ఎందుకంటున్నాను? వైఫై బాగాలేదని నన్ను పిలిచిన ఇళ్లలో చాలావాటికి కొత్త రౌటర్ అవసరమే లేదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఒక ఇంట్లో 300 ప్లాన్. కంపెనీ రౌటర్ పనికిరాదని ఖరీదైన కొత్తది కొన్నారు. దానిమీద కూడా వేగం 94 దగ్గరే ఆగిపోతోంది. ఉదయం 94, రాత్రి 94, ఏ గదిలో చూసినా 94. నెట్ లోపమైతే అంకె అటూ ఇటూ ఊగుతుంది. ఇలా 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగిందంటే ఎక్కడో ఒక లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయిందని అర్థం. రౌటర్ సెట్టింగుల్లో వ్యాన్ పోర్టు (బయటి నెట్ వచ్చి చేరే పోర్టు) వేగం చూశాను, 100 అనే ఉంది. ఓఎన్‌టీ నుంచి రౌటర్‌కు వెళ్లే కేబుల్‌ను వేలితో తడుముతూ పోతే, తలుపు కింద నలిగి చదునుగా అయిన చోటు తగిలింది. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. 100కైతే రెండు జతలు చాలు. ఒక్క తీగ తెగితే లింకు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతుంది, నెట్ మాత్రం ఆగదు. కేబుల్ మార్చగానే పాత రౌటర్ మీదే 280 దాటింది. కొత్త రౌటర్ తిరిగి ఇచ్చేశారు.

ఇంకో ఇంట్లో రౌటర్ టీవీ వెనక, చెక్క తలుపుల అరలో, ఇనుప బీరువాకు ఆనుకుని ఉంది. పడకగదిలో సిగ్నల్ రావడం లేదని అడిగారు. వైఫై రెండు బ్యాండ్ల మీద వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఎక్కువ వేగం ఇస్తుంది గానీ, గోడలను 2.4 గిగాహెర్ట్జ్ అంత బాగా దాటలేదు. ఇనుము, అద్దం, నీళ్ల తొట్టి అడ్డొస్తే ఇంకా కష్టం. దాన్ని అరలోంచి తీసి, హాల్లో మనిషి ఎత్తులో పెట్టగానే సమస్య సగం పైన తీరింది. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ మూడు చూడండి: ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా ఓఎన్‌టీకి పెట్టి వేగం ఎంతో చూడండి, ఆ తర్వాత రౌటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో చూడండి, ఆ తర్వాత దూరపు గదిలో చూడండి. కేబుల్‌తోనే వేగం రాకపోతే లోపం లైనుది, కంపెనీని పిలవండి. దగ్గర వచ్చి దూరంలో రాకపోతే లోపం చోటుది. రౌటర్ పక్కనే ఉన్నా రాకపోతేనే రౌటర్‌ను అనుమానించాలి.

ఒకవేళ చోటు మార్చినా దూరపు గది అందకపోతే, ఒకే పెద్ద రౌటర్ కొనడం కన్నా, మామూలు రౌటర్ ఒకటి, ఆ గదిలో కేబుల్‌తో కలిపిన యాక్సెస్ పాయింట్ (అక్కడ విడిగా వైఫై ఇచ్చే డబ్బా) ఒకటి పెట్టడమే నా సలహా. ఒకే బ్యాండ్ మీద వైఫైని అందుకుని మళ్లీ పంపే చవక రిపీటర్లు వేగాన్ని సుమారుగా సగానికి కోసేస్తాయి. మూడు గదుల ఇంటికి ఒక కేబుల్ లాగడం పెద్ద పని కాదు, ఫలితం మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది.

కొనాల్సి వస్తే ఏం చూడాలి? మీ 300 ప్లాన్‌కు వ్యాన్ పోర్టు, ఇంట్లో పరికరాలకు కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టులు అన్నీ గిగాబిట్‌వి ఉండాలి. చవక మోడళ్లలో ఇప్పటికీ 100 పోర్టులు వస్తున్నాయి, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 1200 అని రాసి ఉన్నా సరే. వైఫై 6 చాలు. 2024 జనవరిలో వైఫై 7 ధ్రువీకరణ మొదలైంది గానీ, మీ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు దానికి తగ్గవి కాకపోతే అదనంగా పెట్టిన డబ్బుకు ఫలితం కనిపించదు. పెట్టె మీది అంకెలకు మోసపోకండి. ఏఎక్స్ 3000 అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 574, 5 మీద 2402 కలిపి గుండుగుత్తగా వేసిన అంకె. ఏ ఒక్క ఫోనుకూ 3000 రాదు. యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయన్నది నేనైతే అసలు చూడను. డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్‌కు కొత్త తరం భద్రత) ఉందా, తయారీదారు ఆ మోడల్‌కు ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నాడా, ఈ రెండూ చూస్తాను.

అప్‌డేట్ల బాధ్యత సొంత రౌటర్ కొన్నవాళ్లదే. అద్దె డబ్బాలను కంపెనీలు టీఆర్-069 అనే పద్ధతిలో దూరం నుంచే చూసుకుంటాయి. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. 2016 నవంబర్‌లో జర్మనీలో ఈ తరహా నిర్వహణ కోసం తెరిచి ఉంచిన పోర్టు మీద మిరాయ్ రకం మాల్వేర్ దాడి జరిగి సుమారు 9 లక్షల ఇళ్ల రౌటర్లు పడకేశాయి. సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ వెంటనే పంపగలిగింది కూడా. సొంత రౌటర్ మీద మామూలుగా ఆ తలుపు తెరిచి ఉండదు, కానీ లోపం బయటపడినప్పుడు అప్‌డేట్ చేసే మనిషి కూడా మీరే. ఆటో అప్‌డేట్ ఉన్న మోడల్ కొని, మొదటి రోజే దాన్ని ఆన్ చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన రోజు, అది బాగా పనిచేస్తున్నా సరే, మార్చే ఆలోచన చేయండి.

ఈ పని చేసే మనిషి ఇంట్లో లేకపోతే నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. వయసైన దంపతులు ఇద్దరే ఉండే ఒక ఇంట్లో, దూరంలో ఉన్న కొడుకు ప్రేమతో మంచి రౌటర్ కొని పంపాడు. ఒకరోజు శుభ్రం చేస్తూ వెనక రీసెట్ బటన్ నొక్కేశారు, సెట్టింగులన్నీ పోయాయి. కంపెనీ టెక్నీషియన్ "మా రౌటర్ కాదండీ" అని వెళ్లిపోయాడు. ఫోన్‌లో చెప్పి చేయిద్దామంటే ఆ పెద్దాయనకు అది అర్థమయ్యే పని కాదు. రోజుల తరబడి వాళ్లకు కొడుకుతో వీడియో కాల్ లేకుండా పోయింది. నేను వెళ్లి ఆ రౌటర్ పక్కన పెట్టేసి, కంపెనీ దాన్నే అద్దెకు పెట్టించాను. ఇలాంటి ఇళ్లకు అద్దె అంటే పిలిస్తే వచ్చే మనిషి. దాన్ని డబ్బులతో లెక్క కట్టకూడదు. అలాగే ఏడాదిలోపు ఖాళీ చేసేవాళ్లూ, అద్దెలోనే డబ్బా మార్చి ఇచ్చే పాత మంచి ప్లాన్‌లో ఉన్నవాళ్లూ కొనాల్సిన పనిలేదు.

రౌటర్ కొన్నాక కలపడం ఎలా? కొన్నిసార్లు కంపెనీ ఓఎన్‌టీలోనే వైఫై, రౌటర్ రెండూ కలిసి ఉంటాయి. అలాంటి దాని వెనక మీ రౌటర్ పెడితే రౌటర్ మీద రౌటర్ అవుతుంది. మామూలు బ్రౌజింగ్‌కు తేడా తెలియదు. ఆన్‌లైన్ ఆటలు, కొన్ని వీపీఎన్‌లు, కెమెరాలు ఇబ్బంది పెడతాయి. రెండు మార్గాలున్నాయి. సులువైనది: మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, ఓఎన్‌టీ వైఫైని ఆపేయండి. కంపెనీ సాయం అక్కర్లేదు. మెరుగైనది: ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి సిగ్నల్ మార్చి పంపడం వరకే చేసేలా, పెట్టమని కంపెనీని అడిగి, పీపీపీఓఈ (కనెక్షన్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, అవసరమైతే వీల్యాన్ నంబరు (నెట్ డేటాను గుర్తుపట్టడానికి కంపెనీ వాడే నంబరు) తీసుకుని మీ రౌటర్‌లో పెట్టండి. బ్రిడ్జ్ చేసేటప్పుడు ఫోన్ పోర్టు పనిచేస్తూనే ఉండాలని ముందే గట్టిగా చెప్పండి, నాన్నగారి ఫోన్‌తో ఒక కాల్ చేసి చూశాకే టెక్నీషియన్‌ను పంపండి.

కెమెరాలు బయటినుంచి చూడాలని రౌటర్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. రౌటర్ వ్యాన్ ఐపీ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, కంపెనీ చాలామంది వినియోగదారులను ఒకే పబ్లిక్ చిరునామా వెనక ఉంచిందని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్‌లో పోర్టు ఫార్వర్డ్ చేసినా, అంటే బయటినుంచి కెమెరాకు దారి తెరిచే సెట్టింగు పెట్టినా, బయటినుంచి దారి దొరకదు. కంపెనీని పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా క్లౌడ్ ద్వారా పనిచేసే కెమెరా వాడాలి.

రెండు డబ్బాలు పెట్టాక కరెంటు పోతే రెండింటికీ బ్యాకప్ కావాలి, ఒక్కదానికి ఇస్తే ప్రయోజనం లేదు. మినీ యూపీఎస్ కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా వోల్టేజీ చూడండి. వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు.

చివరగా అద్దె డబ్బా గురించి, ఎందుకంటే మీరు ఇల్లు మారతారు. డిపాజిట్ కట్టిన రసీదు దాచండి. డబ్బా వచ్చిన రోజే కింద ఉన్న సీరియల్ నంబరు, అడాప్టర్ కలిపి ఫొటో తీయండి. తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు రాసిన రసీదు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి. ఒక కస్టమర్ దగ్గర టెక్నీషియన్ నోటి మాటతో డబ్బా పట్టుకెళ్లాడు. కొన్ని నెలల తర్వాత, డబ్బా ఇవ్వలేదు, పూర్తి ధర కట్టమని నోటీసు వచ్చింది. ఆవిడ దగ్గర రసీదు లేదు గానీ, టెక్నీషియన్‌తో వాట్సాప్‌లో మాట్లాడిన సందేశం, డబ్బా ఫొటో ఉన్నాయి. వాటితోనే తేలింది, లేకపోతే కట్టాల్సి వచ్చేది.

మీరు కనెక్షన్ వచ్చాక ఓఎన్‌టీ వెనకవైపు ఫొటో, మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి. సీరియల్ నంబరు, వైఫై పాస్‌వర్డ్ ఉన్న స్టిక్కర్‌ను కప్పేసి తీయండి. ఇంటి ప్లాన్ చేత్తో గీసి, తీగ ఏ గోడ దగ్గర వచ్చిందో గుర్తు పెడితే, యాక్సెస్ పాయింట్ అవసరమా, అవసరమైతే కేబుల్ ఎటునుంచి లాగాలో చెప్తాను.